అయ్యగారి సాంబశివరావుగారు: ప్రయోగశాల నుండి కర్మాగారమునకు

2004వ సంవత్సరపు ఎన్నికలలో నన్ను పోలింగు పనికి నియమించిరి. మా పురుషోత్తంపూరునకు ఋషికుల్యా నది కావలనున్న యొక పల్లెలోని పాఠశాలలో మా మజిలీ. అంతకు ముందటి ఎన్నికలలో మేము మోసినవి ఇనుప పెట్టెలు, కాగితముల కట్టలు, లక్క, క్రొవ్వొత్తులు. ఆ యేడు మా చేతికిచ్చినవి తీగతో కూర్పబడిన రెండు తేలిక పెట్టెలు మాత్రమే. ముందటి రాత్రి ఊరిలో కరెంటు పోయినది. లాంతరు వెలుతురున ఆ పెట్టెలను పరీక్షించితిమి. ఆరు వోల్టుల బ్యాటరీతో నడచునట్టి యంత్రమగుటచే కరెంటు లేకున్నను దానికి లోటు కలుగలేదు. బొత్తాము నొక్కిన వెంటనే దీపము వెలిగి, శబ్దము వచ్చి, లెక్కలో ఒకటి హెచ్చెను. పెట్టె వెనుక తయారుచేసినవారి పేరు చదివితిని. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, హైదరాబాదు.

మా ప్రిసైడింగు అధికారి ఒడియావారు, పాఠశాల ఉపాధ్యాయులు, సరసులు. "రావుబాబూ, ఇది మీ తెలుగువారి పెట్టె గదా! దీనిని పెట్టిన మహానుభావుడెవరు?" అని నన్నడిగిరి. నాకు తెలియలేదు. ముప్పదియేండ్లు కార్యాలయమున కాగితములు త్రిప్పినవానికి తన భాషవాడు కట్టిన సంస్థను గూర్చి ఒక్క వాక్యము చెప్పుట చేతకాకపోవుట నాకు చిన్నతనముగ తోచినది. తరువాత కొన్నియేండ్లు దొరికిన పుస్తకములు, పత్రికలు చదివి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను. నేను శాస్త్రజ్ఞుడను కాను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. కావున భౌతికశాస్త్రమును గూర్చి నేను చెప్పు మాటలు వంటయింటి పోలికలతో నుండిన చదువరులు మన్నింతురుగాక.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మొగల్లు గ్రామమున జన్మించిరి. అది నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు చేరువనున్న పల్లె. అల్లూరి సీతారామరాజు పూర్వుల గ్రామమును అదియే. రావుగారు పుట్టిననాటికి మన గంజాము, వారి గోదావరి సీమ ఒకే మద్రాసు రాజధానిలో నుండెడివి. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము ఒరిస్సాలో చేరునప్పటికి ఆయన ఇరువది యొకటి దాటిన యువకుడు. ఆ దినమున మనకొక సరిహద్దు ఏర్పడినది గాని, ఆవలివారి మంచిచెడ్డలు మనకు పరాయివి కాలేదు. అందుచేతనే ఈ సంచికలో ఆయన కథకు చోటడుగుటకు నాకు సంకోచము లేదు.

ఆయన భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పొందిరి. అచ్చటనే కొంతకాలము బోధించిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుచుండిన ఆ సంధికాలమున టాటాల విద్యార్థివేతనముతో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు చదివిరి. ఇచ్చట ఒక్కమాట చెప్పవలెను. ఆ కాలపు స్టాన్‌ఫర్డు కేవలము పాఠములు చెప్పు చోటు కాదు. ఫ్రెడరిక్ టెర్మన్ అను ఆచార్యుడు 1946లో అచ్చటి ఇంజనీరింగు విభాగమునకు అధిపతియై తిరిగి వచ్చెను. చదువుకొన్నవాడు ఉద్యోగము వెదకుకొనుటకంటె తన విద్యతో ఒక పరిశ్రమ పెట్టుట మేలని ఆయన శిష్యులను ప్రోత్సహించుచుండెడివాడు. హ్యూలెట్, ప్యాకర్డు అను ఇద్దరు శిష్యులు 1939లో ఒక యింటి మోటారుకొట్టములో 538 డాలర్ల మూలధనముతో పెట్టిన కొలత పరికరముల వ్యాపారము అప్పటికే నిలద్రొక్కుకొని యుండెను. బల్లమీద శాస్త్రజ్ఞుడు చేసిన ఒక పరికరము పదిమంది కొనదగిన సరుకు కాగలదను సంగతి ఆ ఊరి గాలిలోనే యుండెను. కాశీలో దొరకని పాఠమది.

తిరిగి వచ్చిన తరువాత ఆయన బొంబాయిలో డాక్టరు హోమీ భాభాగారి కొలువున చేరిరి. భాభాగారు 1945లో స్థాపించిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఆ దినములలో ముఖ్యమైన పని విశ్వకిరణముల పరిశోధన. ఆకాశమునుండి కంటికి కనబడక పడు ఆ కణములను లెక్కించుటకు గైగరు గొట్టములు, వాని వెనుక వాల్వులతో కూర్చిన లెక్క యంత్రములు కావలెను. అవి అంగడిలో దొరకునవి కావు. విదేశమునుండి తెప్పించిన, ఒక వాల్వు మాడిపోయినచో మరల ఓడ వచ్చువరకు పని నిలచిపోవును. ఈ బాధ ఎట్టిదో నావంటి గుమాస్తాకు బాగుగా తెలియును. మా కార్యాలయమున ఒక సీమ సైక్లోస్టైలు యంత్రముండెడిది. దాని రబ్బరు రోలరు చీలిపోగా, క్రొత్త రోలరు కొరకు మేము వ్రాసిన ఉత్తరముల దస్త్రము రోలరుకంటె లావైనది. రెండేండ్లకు రోలరు వచ్చునప్పటికి యంత్రములోని తక్కిన భాగములు త్రుప్పుపట్టినవి.

అణుశక్తి పని మొదలైన పిదప ఈ కొరత మరింత ప్రమాదకరమైనది. లెక్క తప్పిన విశ్వకిరణము ఎవరికిని కీడు చేయదు. అణురియాక్టరు అట్టిది కాదు. దానిని నేను పాలు కాచుటతో పోల్చుకొందును. పొయ్యిమీద పాలు చాలసేపు కదలక మెదలక యుండి, ఒక్కసారిగ పొంగును. కాచువారు కన్ను మరల్చరాదు. రియాక్టరులో న్యూట్రానులు ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగును. ఎంత వేగముగ ఇబ్బడియగుచున్నవో క్షణక్షణము కొలుచు కన్ను కావలెను. ఆ వేగము హద్దు మీరినచో మనుష్యుడు యోచించుటకు ముందే అడ్డుకడ్డీలను లోనికి దింపు చేయి కావలెను. ఆ కన్నును, ఆ చేయియు ఎలక్ట్రానిక్సు పరికరములే. అవి చెడినచో ప్రమాదము వైపునకు గాక నిలిపివేయు వైపునకే చెడునట్లు కట్టవలెను. కరెంటు పోయిన యెడల రియాక్టరు ఆగిపోవలెను గాని రేగరాదు.

బొంబాయి చెంతనున్న ట్రాంబేలో అప్సర యను రియాక్టరు 1956వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన పని మొదలిడినది. సోవియటు దేశమును మినహాయించిన ఆసియాఖండమున అదియే మొదటిది. అందలి ఇంధనము బ్రిటనునుండి వచ్చినది. తక్కినదంతయు మనవారు కట్టినదే. దాని కన్నును, చేయియు అనదగిన నియంత్రణ సాధనములను రావుగారి నాయకత్వమున ఎలక్ట్రానిక్సు విభాగమువారు బొంబాయిలోనే తయారుచేసిరి. ఎంత గట్టిధైర్యము! స్వాతంత్ర్యము వచ్చి తొమ్మిదేండ్లు. రేడియోపెట్టె బాగుచేయువాడు జిల్లాకొకడు దొరకుట కష్టమైన దేశము. అట్టి దేశమున ఒక భౌతికశాస్త్రజ్ఞుడు తన కుర్రవాండ్రను కూర్చుండబెట్టుకొని, వాల్వులు అతికించి, రియాక్టరునకు కాపలా కట్టించెను. పేరుపొందిన శాస్త్రగ్రంథమొకటి వ్రాయుటకంటె ఇది తక్కువ పని యని నేననుకొనను. 1960లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 1965లో ఇంజనీరింగు శాస్త్రములందు భట్నాగరు బహుమానము లభించినది.

ఇంతవరకు ఆయన ప్రయోగశాల మనుష్యుడు. అటుపిమ్మటి మలుపునకు కారణము 1962వ సంవత్సరపు చీనా యుద్ధము. దూరవాణి, రాడారు, నియంత్రణ సాధనము అన్నియు పరదేశముల దయమీద ఆధారపడియున్న సైన్యము ఎంత నిస్సహాయమో అప్పుడు తెలిసినది. 1963లో ప్రభుత్వము భాభాగారి అధ్యక్షతను ఎలక్ట్రానిక్సు కమిటీని నియమించెను. అందు నలుగురే సభ్యులు: భాభాగారు, విక్రమ్ సారాభాయిగారు, సూరి భగవంతముగారు, మన సాంబశివరావుగారు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. భగవంతముగారు కృష్ణాజిల్లావారు, రామన్‌గారి శిష్యులు, అప్పటికి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. ఈ సంగతి మన సభలలో ఎవరును చెప్పగా నేను వినలేదు. మనకు కవుల పేర్లు కంఠస్థము. యంత్రములు కట్టినవారి పేర్లు మాత్రము పెట్టెల వెనుక చదువవలసినవే.

ఆ కమిటీ నివేదిక 1966లో వెలువడినది. ఆ సంవత్సరము జనవరి 24వ తేదీన భాభాగారు ఆల్ప్సు పర్వతములలో విమానప్రమాదమున గతించిరి. నివేదికలోని ఆశయము దేశమునకు కావలసిన ఎలక్ట్రానిక్సు సాధనములను సాధ్యమైనంత త్వరలో దేశమే చేసికొనవలెననుట. ఆశయము వ్రాయుట సులభము. నా యుద్యోగకాలమున ఆశయముల దస్త్రములు ఎన్నింటినో నేను బీరువాలో భద్రపరచితిని. దీనికి మాత్రము ఆ గతి పట్టలేదు. 1967వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడినది. రావుగారే దానికి మొదటి మేనేజింగు డైరెక్టరు. ఆయనకప్పుడు ఏబదిమూడవ యేడు. మన బరంపురపు విశ్వవిద్యాలయమును ఆ యేడే, జనవరి 2వ తేదీన పుట్టినది. నేను మా జిల్లా పిల్లలకు ఆ సంస్థ వయస్సు చెప్పవలసి వచ్చినప్పుడు ఈ లెక్కయే చెప్పుచుందును.

ఏబదిమూడేండ్ల వయస్సున నావంటివాడు పింఛను లెక్కలు వేసికొనును. ఆయన మాత్రము ఒక క్రొత్త జీవితమునకు దిగెను. ట్రాంబేలో ఆయన వద్దకు వచ్చువాడు శాస్త్రజ్ఞుడు. వానికి కావలసినది ఒక పరికరము. అది పనిచేసిన చాలును. హైదరాబాదులో వచ్చువాడు కొనుగోలుదారు. వానికి కావలసినవి నూరు పరికరములు, నూరును ఒకే తీరున నుండవలెను, చెప్పిన తేదీకి రావలెను, చెడినప్పుడు బాగుచేయువాడు దొరకవలెను, వీనియన్నిటి తరువాత ధర గిట్టవలెను. ఈ వ్యాపారమున లాభము వచ్చినను అది ఆయన జేబున పడునది కాదు. మూలధనము ప్రభుత్వముది. కావున ఆయనను వ్యాపారి యని యందుమా, యుద్యోగి యని యందుమా యని కొందరు తర్కింపవచ్చును. వ్యాపారి పడు పాట్లన్నియు పడి, వ్యాపారికి దక్కు సొమ్ము దక్కనివాడు అని నేనందును. విదేశ సంస్థలతో ఒడంబడిక చేసికొని, వారి పటములు తెచ్చి, వారి భాగములు బిగించి, పైన మన పేరు అతికించుట ఆ కాలమున అందరును త్రొక్కిన సులభమార్గము. రావుగారు ఆ దారిని పోక, ట్రాంబేలో మనవారు కల్పించినవానినే సరుకుగా మార్చవలెనని పట్టుపట్టిరి.

ఆ సంస్థ సరుకును మొదటిసారి నేను చూచినది 1976 జనవరిలో. అప్పుడు నాకు అది ఎవరి సరుకో తెలియదు. మా మేనమామ ఫుల్బణీ వైపు అడవిపనుల గుత్తదారు వద్ద లెక్కలు వ్రాయుచుండెడివాడు. సంక్రాంతికి నన్ను తీసికొనిపోయెను. ఆస్కా, భంజనగరము దాటి కళింగ ఘాటీ యెక్కి బస్సు పోవునప్పటికి చలికి నా పండ్లు కొట్టుకొనుచుండెను. ఆ సాయంకాలము ఒక పల్లెలో పాఠశాల ముందు జనము గుమిగూడియుండిరి. ఆవరణలో కోళ్లగూటికి వేయు వలవంటి యినుపవలతో చేసిన పెద్ద గొడుగు ఆకాశమువైపు తిరిగియుండెను. లోపల బల్లమీద ఒక పెట్టె. అందులో మనుష్యులు ఒడియాలో వ్యవసాయమును గూర్చి మాటలాడుచుండిరి. బరంపురమున సినిమాలు చూచిన నాకే నోరు తెరపడినది. అడవి పల్లెవారికి ఎట్లుండెనో చెప్పనేల? ఒక ముసలి కొందుదొర పెట్టె వెనుకకు పోయి చూచి వచ్చి, లోపల ఎవరును లేరని తక్కినవారికి చెప్పెను.

అది సైట్ అను ఉపగ్రహ విద్యాప్రయోగము. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక్క సంవత్సరము నడచినది. అమెరికావారి ఉపగ్రహము ఆఫ్రికాఖండము మీది ఆకాశమున నిలచి, అహమ్మదాబాదునుండి పంపిన బొమ్మలను ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు చేర్చెడిది. వానిలో ఆంధ్రప్రదేశముండెను, ఒరిస్సా యుండెను. ఒరిస్సాలో ఢెంకనాలు, సంబల్పూరు, ఫుల్బణీ వైపు పల్లెలను ఎన్నుకొనిరి. ఆ పది యడుగుల వలగొడుగు క్రింద పల్లె పల్లెలో పెట్టిన టెలివిజను పెట్టెలు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ చేసినవే. ధూళి, తేమ, ఎలుకలు, హెచ్చుతగ్గుల కరెంటు, వీనినన్నిటిని ఓర్చుకొని అవి పనిచేయవలెను. కొన్ని చోట్ల కరెంటే లేదు, బ్యాటరీలు పెట్టిరి. దేశమున వాల్వులు లేని టెలివిజను మొదట చేసినవారును వీరే. పట్టణములలో "ఈసీ టీవీ" యనిన ఆ దినములలో ఒక గౌరవము. పెండ్లికొడుకులు సైకిలు, చేతిగడియారములతో పాటు దానినిగూడ అడుగుట మొదలుపెట్టిరని మా యింటిలో వాపోయిన సందర్భము కలదు. అది రావుగారి తప్పు కాదు.

కంప్యూటరు సంగతి ఇంత సాఫీ కథ కాదు. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అను అర్థమున టి.డి.సి.-12 అని పేరు పెట్టిన యంత్రము 1969లో వెలువడినది. ట్రాంబేలో కల్పించి, హైదరాబాదులో నిర్మించి అమ్మిన స్వదేశీ యంత్రము. దాని జ్ఞాపకశక్తి నాలుగువేల మాటలు. నేడు పసిపిల్లల చేతి ఆటవస్తువునకు అంతకు వేలరెట్లున్నది. పిదప 1970లలో టి.డి.సి.-316 వచ్చెను. అప్పటి ప్రభుత్వము స్వదేశీ యంత్రమునకు అండగా నుండి, విదేశపు కంప్యూటరు తెచ్చుకొనవలెనన్న సంస్థలను అనేక ప్రశ్నలడిగెడిది. కొనువారు గొణిగిరి. ధర హెచ్చు, యంత్రము ఆలస్యముగా వచ్చును, సీమవారి యంత్రములు అప్పటికే రెండు మెట్లు ముందుకు పోయినవి అని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజము లేదనుట అన్యాయము. 1978లో ఐ.బి.యం. సంస్థ దేశము విడిచి పోయినది. ఆ ప్రాంతముననే చిన్న కంప్యూటర్లు చేయుటకు ప్రైవేటువారికి అనుమతి దొరకినది. వారు బయటినుండి వచ్చిన చిప్పులతో చౌకగా, వేగముగా యంత్రములు కూర్చిరి. కంప్యూటరు వ్యాపారమున హైదరాబాదు సంస్థ మొదటి స్థానము నిలువలేదు. రంగుల టెలివిజను వచ్చిన పిదప ఈసీ టీవీయు అంగడులలో వెనుకబడెను.

అయిన రావుగారి పట్టుదల వ్యర్థమా? ఈ ప్రశ్నను నేను చాలకాలము మనస్సున త్రిప్పుకొంటిని. సీమ యంత్రమును కొన్నవానికి యంత్రము మిగులును. స్వయముగ చేసినవానికి, యంత్రము వెనుకబడినను, చేయుట తెలిసిన మనుష్యులు మిగులుదురు. టి.డి.సి. యంత్రముల లోపలి తీగలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టగల యువకులు హైదరాబాదులో తయారైరి. వారిలో అనేకులు ఇతర సంస్థలకు పోయిరి. అంగడిలో ఓడిన సరుకు ఒకటైన, ఓడనివి వేరే కలవు. అణువిద్యుత్కేంద్రముల నియంత్రణ సాధనములు ఆ సంస్థనుండియే వెళ్లినవి. ఎన్నికల యంత్రపు మొదటి నమూనా వారు 1979లో చేసిరి. చంద్రయానము కొరకు బెంగుళూరు చెంత బ్యాలాలులో 2008 నాటికి నిలబెట్టిన 32 మీటర్ల గొడుగు వారి నిర్మాణము. ఫుల్బణీలో నేను చూచిన కోళ్లగూటి వలనుండి చంద్రుని మాట వినుగొడుగు వరకు ముప్పదిరెండేండ్లు పట్టినది. అందులో ఎంత భాగము రావుగారిది, ఎంత భాగము తరువాతివారిది యని విడదీయుటకు నావద్ద త్రాసు లేదు.

1972లో ఆయనకు పద్మభూషణ బిరుదము లభించినది. అప్పటి రాష్ట్రపతి మన బరంపురమున పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు. మొగల్లు బిడ్డకు దొరకిన బిరుదమునకు బరంపురపు బిడ్డ రాష్ట్రపతిగా నుండుట మనకొక చిన్న సంతోషము. రావుగారు 2003వ సంవత్సరమున పరమపదించిరి. నేను పల్లెబడిలో ఆ యంత్రమును చూచుటకు కొన్ని మాసముల ముందే ఆయన గతించెనని తరువాత తెలిసినప్పుడు మనస్సు చివుక్కుమనినది.

మన జిల్లాకును ఈ కథకును మరియొక బంధుత్వమున్నది. ఛత్రపురము సముద్రపుటిసుకను జల్లించి ఖనిజములను తీయు సంస్థయు అణుశక్తి శాఖకు చెందినదే. అచ్చటి మోనజైటు ఇసుకలో థోరియముతో పాటు నియోడిమియము మున్నగు అరుదైన లోహములు కలవు. ఇనుమును కోయు లేసరు యంత్రములలో కొన్నింటికి, బలమైన అయస్కాంతములకు ఆ లోహమే ప్రాణము. ఒక్క శాఖకే రెండు చేతులు. ఇచ్చటి చేయి ఇసుకను ఎత్తును, అచ్చటి చేయి యంత్రమును కట్టును. మా పురుషోత్తంపూరు చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు నేటికిని రైలెక్కి సూరతు మగ్గముల వద్దకు పోవుచున్నారు. వారిలో భౌతికశాస్త్రము చదివినవారిని గూడ నేనెరుగుదును. ఇసుక మన యొడ్డున నుండగా యంత్రము కట్టు చేయి ఇచ్చట ఏల మొలవలేదని ఒకప్పుడు మా చావడిలో వాదించితిమి. మొలచుటకు ఒక సాంబశివరావుగారు కావలెనని ఒకరనిరి. ఆయనకు ఒక భాభాగారు దొరకవలెను గదా యని మరియొకరనిరి. కాఫీ చల్లారినది, తీర్పు కాలేదు.

కొన్నియేండ్ల క్రిందట హైదరాబాదులో మా చెల్లెలి కుమారుని యింటికి పోయితిని. వాని యిల్లు ఏ.ఎస్. రావు నగరున. ఆ పేరెవరిదిరా యని యడిగితిని. "ఎవరో పాత ఎమ్మెల్యే అయ్యుంటాడు మామయ్యా" అనెను. వానికి కంప్యూటరు ఉద్యోగము. నేను కోపగించుకొనలేదు, 2004లో నేనును చెప్పలేకపోయితిని గదా. మరునాటి ఉదయము ఈసీఐఎల్ చౌరస్తా వరకు నడచిపోయి ఒక కాఫీ దుకాణమున కూర్చుంటిని. ప్రక్కబల్లమీద నా యీడువాడొకడు. మాటలలో ఆ కర్మాగారమున ముప్పదియేండ్లు పనిచేసినట్లు తెలిసినది. రావుగారిని ఎరుగుదురా యని యడిగితిని. ఆయన చేతిలోని గ్లాసు క్రింద పెట్టెను.

"నేను చేరేసరికి ఆయన వెళ్లిపోయిండు. మా సీనియర్లు చెప్పేటోళ్లు. ఏదన్న బోర్డు చెడిపోతే, కొత్తది తెప్పిద్దామా సార్ అని అడగనీకె భయపడేటోళ్లంట. ఎందుకు చెడ్డదో ముందు చెప్పు, తర్వాత చూద్దాం అనేటోడంట."

ఆ మాట నిజముగ రావుగారిదో, వారి సీనియర్ల కల్పనయో నేనెరుగను. ఇద్దరి కాఫీకి నేనే డబ్బులిచ్చితిని. ఆయన వలదనిరి, నేను వినలేదు.